ఇంటి గది నుంచి టెలివిజన్ తెరకు: నేపథ్య సంగీతం ఒక జీవనోపాధి



ఈ రోజు సాయంత్రం మీ ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. టీవీలో ఏదైనా సీరియల్ వస్తున్నప్పుడు రెండు నిమిషాలు ధ్వని పూర్తిగా ఆపేసి బొమ్మ మాత్రమే చూడండి. తర్వాత రెండు నిమిషాలు బొమ్మ చూడకుండా ధ్వని మాత్రమే వినండి. ధ్వని లేనప్పుడు, తలుపు దగ్గర నిలబడి చూస్తున్న అత్తగారి చూపులో ఉన్నది కోపమో, జాలో, అనుమానమో చెప్పడం కష్టం. ధ్వని మాత్రమే విన్నప్పుడు, ఆమె ఒక్క మాటైనా మాట్లాడకపోయినా ఏదో కీడు జరగబోతోందని మీకు తెలిసిపోతుంది. ఆ సంగతి మీకు చెప్పింది నేపథ్య సంగీతం. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని కట్టారు. ఆ ఒకరు ఈ రోజుల్లో పెద్ద స్టూడియోలోనే ఉండాలన్న నియమం లేదు. తమ ఇంట్లో ఒక చిన్న గదిలో ఉండవచ్చు.

ఈ ప్రసంగంలో మనం మూడు విషయాలు తెలుసుకుందాం. ఒకటి, ఇంటి దగ్గర కూర్చుని టెలివిజన్‌కు సంగీతం చేయడం ఎలా సాధ్యమైంది, ఆ పని ఎలా జరుగుతుంది. రెండు, అందులో డబ్బు ఎలా వస్తుంది. మూడు, అన్నిటికంటే ముఖ్యమైనది, మీరు కట్టిన స్వరంపై మీకు ఏ హక్కు ఉంటుంది, దాన్ని ఎలా కాపాడుకోవాలి. సంగీతం వచ్చినవారు మన దేశంలో చాలామంది ఉన్నారు. తమ హక్కు తెలిసినవారు తక్కువ. ఆ తేడా ఒక కళాకారుడి జీవితాన్నే మార్చివేస్తుంది.

ఆర్కెస్ట్రా నుంచి గదిలోకి

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. 1980లలో ధారావాహికలు ఊపందుకున్నాయి. రామానంద్ సాగర్ తీసిన 'రామాయణ్'కు రవీంద్ర జైన్, ఆర్.కె. నారాయణ్ కథల ఆధారంగా వచ్చిన 'మాల్గుడి డేస్'కు ఎల్. వైద్యనాథన్ సంగీతం సమకూర్చారు. ఆ రోజుల్లో ఇలాంటి సంగీతం అంటే స్టూడియో అద్దెకు తీసుకోవాలి, వాద్యకారులందరూ ఒకచోట చేరాలి, సౌండ్ ఇంజనీరు ఉండాలి. ఒకరు తప్పు వాయిస్తే అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించాలి. ఆ ఖర్చు భరించగలిగినవారికే ఆ తలుపు తెరుచుకునేది.

ఈ పరిస్థితిని మార్చిన మలుపుల్లో ఒకటి 1983లో వచ్చిన 'మిడి' అనే సాంకేతిక ప్రమాణం. ఏ కంపెనీ కీబోర్డునైనా మరో కంపెనీ పరికరంతోనో, కంప్యూటరుతోనో కలపడానికి ఇది వీలు కల్పించింది. మిడి ధ్వనిని మోసుకుపోదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా, ఎంతసేపు అన్న సమాచారాన్ని మాత్రమే పంపుతుంది. స్వరం బలాన్ని 0 నుంచి 127 వరకు అంకెల్లో చెబుతుంది. అందువల్ల వాయించిన తర్వాత కూడా ఒక స్వరాన్ని సరిదిద్దవచ్చు, వీణను తీసి వేణువును పెట్టవచ్చు, వేగం మార్చవచ్చు. దీనికి కంప్యూటరులో అనేక ట్రాకులు రికార్డు చేసే సాఫ్ట్‌వేరు తోడైంది. పాతికమంది కూర్చునే హాలు చేసే పనిలో చాలా భాగం ఒక బల్ల మీదికి వచ్చేసింది.

ఇందుకు మనందరికీ తెలిసిన ఉదాహరణ ఎ.ఆర్. రెహమాన్. ఆయన తండ్రి ఆర్.కె. శేఖర్ మలయాళ చిత్రసీమలో పనిచేసిన సంగీత దర్శకుడు. రెహమాన్ చిన్నతనంలోనే తండ్రి మరణించారు. తండ్రి వాద్యాలను అద్దెకిచ్చి ఆ కుటుంబం ఇల్లు గడుపుకుంది. రెహమాన్ కీబోర్డు వాయిద్యకారుడిగా పలువురు సంగీత దర్శకుల దగ్గర, మన తెలుగు సంగీత దర్శకులు రమేష్ నాయుడు, రాజ్-కోటిల దగ్గర కూడా పనిచేశారు. తర్వాత మద్రాసులో ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకుని ప్రకటనలకు, డాక్యుమెంటరీలకు సంగీతం చేశారు. 1992లో 'రోజా' వచ్చేనాటికి ఆయన చేతిలో ఉన్నది ఈ అనుభవమే. పది సెకన్లలో ఒక భావం చెప్పడం, అడిగిన రోజుకు పని ఇవ్వడం అనే రెండూ ప్రకటనల సంగీతం నేర్పే పాఠాలు. అందరూ రెహమాన్ కాలేరు, కానక్కర్లేదు కూడా. కానీ చిన్న పని చిన్నచూపు చూడాల్సింది కాదని ఆయన ప్రస్థానం మనకు చెబుతుంది.

పని ఎక్కడ ఉంటుంది?

టెలివిజన్ సంగీతం అనగానే మీకు టైటిల్ సాంగ్ గుర్తుకొస్తుంది. 2001లో జెమినీ టీవీలో మొదలైన 'అమృతం' అనగానే కల్యాణి మాలిక్ కట్టిన టైటిల్ పాట తెలుగువారి చెవుల్లో మోగుతుంది. అయితే టైటిల్ పాట ఒక సీరియల్‌కు సాధారణంగా ఒక్కటే. మిగిలిన పని అంతా చిన్న చిన్న బిట్లలో ఉంటుంది.

రోజూ వచ్చే సీరియల్ అరగంట సమయంలో ప్రకటనలు పోను ఇరవై రెండు, ఇరవై నాలుగు నిమిషాలు ఉంటుంది. వారానికి ఐదారు రోజులు ప్రసారం. ప్రతి ఎపిసోడుకూ మొదటి నుంచి చివరి దాకా కొత్త సంగీతం చేయడం సాధ్యం కాదు. అందుకే సంగీత దర్శకుడు ముందుగా ఒక నిధి తయారుచేస్తాడు. కథానాయికకు ఒక బాణీ, ప్రతినాయికకు ఒక బాణీ, దుఃఖం, అనుమానం, హాస్యం, పండుగ, గుడి, తెల్లవారుజాము, ఇలా ఒక్కొక్క సందర్భానికి కొన్ని బిట్లు. ఎడిటింగులో అవసరాన్ని బట్టి వాటిని వాడుకుంటారు. ముఖ్యమైన మలుపు వచ్చినప్పుడు మాత్రం కొత్త బిట్ చేస్తారు.

ఇవి కాక వార్తల మధ్య వచ్చే సంకేత సంగీతం, వంటల కార్యక్రమం, వ్యవసాయ కార్యక్రమం, విద్యా కార్యక్రమాలు, డాక్యుమెంటరీలు, స్థానిక దుకాణాల ప్రకటనలు, ప్రభుత్వ ప్రచార చిత్రాలు ఉన్నాయి. మరో మార్గం సంగీత నిధులు, అంటే మ్యూజిక్ లైబ్రరీలు. ముందుగానే సంగీతం చేసి లైబ్రరీలో ఉంచితే, అవసరమైనవారు రుసుము కట్టి వాడుకుంటారు. ఇది కొత్త ఆలోచన కాదు. లండనులోని డివుల్ఫ్ సంస్థ 1909లో, మూకీ చిత్రాల కాలంలోనే, ఈ పని మొదలుపెట్టింది.

బిట్ ఎలా కడతారు?

మొదటి పని చూడటం. దృశ్యాన్ని సంగీతం లేకుండా మూడునాలుగు సార్లు చూసి, సంగీతం ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నది రాసుకోవాలి. ఎక్కడ సంగీతం అక్కర్లేదో గుర్తించడం అంతకంటే పెద్ద విద్య. నటి కళ్లలోనే దుఃఖం కనిపిస్తుంటే దాని మీద వయొలిన్ పోయడం అనవసరం.

రెండో పని లెక్క. ఇందులో మీరు తరగతిలో నేర్చుకున్న గణితం చాలు. ఒక దృశ్యం 32 సెకన్లు ఉందనుకుందాం. 16వ సెకనులో కథానాయిక చేతిలోని ఉత్తరం జారిపడుతుంది. మీరు ఆదితాళంలో 5 ఆవర్తనాలు వేయాలనుకున్నారు. ఆదితాళం ఆవర్తనానికి 8 అక్షరాలు కాబట్టి మొత్తం 40 అక్షరాలు. 40ని 60తో గుణించి 32తో భాగిస్తే 75 వస్తుంది. అంటే నిమిషానికి 75 అక్షరాల వేగం పెట్టాలి. అప్పుడు ఒక్కో అక్షరానికి 0.8 సెకను. ఇరవై అక్షరాలు పూర్తయ్యేసరికి సరిగ్గా 16 సెకన్లు. ఇరవై ఒకటో అక్షరం మూడో ఆవర్తనంలో లఘువు ముగిసి ద్రుతం మొదలయ్యే చోటు. ఉత్తరం నేలను తాకిన క్షణాన మృదంగం ఒక్క దెబ్బ వేస్తే అది తాళంలోనూ సహజమైన చోటే పడుతుంది. ప్రేక్షకుడికి ఈ లెక్క తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. సరిగ్గా పడిందని మాత్రం అతని మనసుకు తెలుస్తుంది.

ఇలాగే 30 సెకన్ల ప్రకటనకు నిమిషానికి 80 అక్షరాల వేగంలో ఆదితాళం వేస్తే ఆవర్తనం 6 సెకన్లు, సరిగ్గా 5 ఆవర్తనాలు. మిశ్రచాపు కావాలంటే 84 వేగంలో ఏడు అక్షరాలకు 5 సెకన్లు, మొత్తం 6 ఆవర్తనాలు. మన దేశంలో టెలివిజన్ చిత్రం సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఎడిటరు మీకు సమయాన్ని ఫ్రేములతో సహా చెబుతారు.

మూడో పని మాటకు దారి ఇవ్వడం. సంభాషణ నడుస్తున్నప్పుడు సంగీతం వెనక ఉండాలి. మాటలోని హల్లుల స్పష్టత ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అదే ప్రాంతంలో వయొలిన్, వేణువు గట్టిగా వాయిస్తే మాట మునిగిపోతుంది. కాబట్టి మాట ఉన్నచోట తంబురా శ్రుతి వంటి నిలకడ స్వరాలు, కింది స్థాయి చెల్లో వంటివి వాడి, మాటల మధ్య విరామంలో వేణువును పలికించాలి. కచేరీలో పక్కవాద్యకారుడు గాయకుణ్ణి అనుసరించినట్టే ఇక్కడ మీరు మాటను అనుసరిస్తారు.

నాలుగో పని అప్పగింత. టెలివిజన్ పనికి సాధారణంగా సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్ల నాణ్యతతో ధ్వని ఇస్తారు. ఈ లెక్కన ఒక నిమిషం స్టీరియో సంగీతం సుమారు 17 మెగాబైట్లు. పూర్తి ట్రాకుతో పాటు తాళవాద్యాలు వేరుగా, ప్రధాన బాణీ వేరుగా, నేపథ్య స్వరాలు వేరుగా ఇస్తే ఎడిటరుకు చాలా మేలు. బాణీ లేని రూపం, 30 సెకన్ల రూపం, 5 సెకన్ల ముగింపు కూడా ఇవ్వండి. ధ్వని తీవ్రతకు ప్రసార సంస్థలు పరిమితులు పెట్టుకుంటాయి. ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య 2010లో అలాంటి ప్రమాణం ప్రకటించింది. మీరు పనిచేసే ఛానెల్ కోరే ప్రమాణం ఏమిటో ముందే అడిగి తెలుసుకోండి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు సీరియల్ పేరు, ఎపిసోడ్ సంఖ్య, బిట్ సంఖ్య, నిడివి తప్పకుండా ఉండాలి. 'కొత్తది చివరిది 2' అని పేరు పెట్టిన ఫైలు అర్ధరాత్రి పని చేస్తున్న ఎడిటరుకు శాపం.

ఏమేం కావాలి?

లక్షలు పెట్టి మొదలుపెట్టకండి. ఇంట్లో ఒక మాదిరి కంప్యూటరు ఉంటే సగం పని అయినట్టే. దానికి ఒక చిన్న మిడి కీబోర్డు, రెండు మైకులు పెట్టుకునే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు, చెవులను కప్పే మంచి హెడ్‌ఫోన్లు చాలు. సాఫ్ట్‌వేరులో ఉచితంగా దొరికేవి ఉన్నాయి. రికార్డింగుకు ఆడాసిటీ, స్వరరచనకు మ్యూజ్‌స్కోర్, ట్రాకుల పనికి ఎల్.ఎం.ఎం.ఎస్. అలాంటివి. వాటితో నేర్చుకుని, మొదటి సంపాదనతో పెద్దవి కొనండి. దొంగ కాపీలు వాడకండి. మీ బతుకే కాపీరైటు మీద ఆధారపడబోతోంది. ఇంకొకరి కాపీరైటును మీరు గౌరవించకపోతే మీ మాటకు బలం ఉండదు.

గది విషయంలోనూ ఖరీదైన ఏర్పాట్లు అక్కర్లేదు. ఖాళీ గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. పుస్తకాల అరలు, పరుపు, మందపాటి దుప్పట్లు, బట్టల బీరువా శబ్దాన్ని పీల్చుకుంటాయి. రికార్డు చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపండి. కుక్కరు విజిల్, వీధిలో కూరగాయల బండి కేక లేని వేళ చూసుకోండి. కరెంటు పోతే పని పోకుండా ఒక యూపీఎస్ ఉంచండి. ప్రతి పనికీ మూడు నకళ్లు ఉండాలి. వాటిలో ఒకటి ఇంట్లో కాకుండా మరోచోట ఉండాలి.

చివరగా, హెడ్‌ఫోన్లలో బాగున్నది టీవీలో బాగుంటుందని అనుకోకండి. టీవీ చిన్న స్పీకర్లలో కింది స్థాయి ధ్వని దాదాపు వినపడదు. మృదంగం తొప్పి, తబలా డగ్గా మాయమవుతాయి. పంపే ముందు ఒకసారి ఇంట్లో టీవీ మీద, ఒకసారి ఫోను స్పీకరులో విని చూడండి.

డబ్బు లెక్క

ఈ రంగంలో ఆదాయం రెండు రకాలు. మొదటిది పనికి ఇచ్చే రుసుము. ఇది ఎపిసోడుకు ఇంత అనో, మొత్తం నిధికి ఇంత అనో ఉంటుంది. రెండోది రాయల్టీ, అంటే మీ సంగీతం ప్రసారమైనప్పుడల్లా రావలసిన వాటా. రుసుము కూలి లాంటిది, రాయల్టీ చెట్టు కాపు లాంటిది.

రుసుము లెక్క ఎలా వేసుకోవాలో ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి మార్కెట్ ధరలు కావు, లెక్క కోసం తీసుకున్న అంకెలు మాత్రమే. ఎపిసోడుకు 2,000 రూపాయల చొప్పున నెలకు 24 ఎపిసోడ్లు అంటే 48,000 రూపాయలు. ఇందులో వేణువు, వయొలిన్ వాయించినవారికి 12,000, కరెంటు, ఇంటర్నెట్టుకు 2,000, పరికరాల మరమ్మతు నిధికి 4,000 తీసివేస్తే మిగిలేది 30,000. నెలకు 150 గంటలు పనిచేశారనుకుంటే గంటకు 200 రూపాయలు. అదే పనిని దర్శకుడు మూడుసార్లు మార్పించి 300 గంటలు పట్టిస్తే గంటకు 100 మాత్రమే. కాబట్టి ఒప్పుకునే ముందే 'మార్పులు రెండుసార్లు, ఆపైన అదనపు రుసుము' అని రాసుకోవాలి. మీకు వాయించిపెట్టిన వాద్యకారుడి డబ్బు మీకు రాగానే ఇవ్వండి. ఈ రంగంలో మంచి పేరు అక్కడే మొదలవుతుంది.

డబ్బు ఆలస్యం కావడం ఈ పనిలో తరచూ ఎదురయ్యే సమస్య. దీనికి ఒక రక్షణ ఉంది. మీరు ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు. నమోదు ఉచితం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలు చేసిన సేవకు ఒప్పందంలో ఏమున్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ చెల్లించాలి. ప్రతి పనికీ తేదీ వేసి బిల్లు పంపండి. పాన్ కార్డు తీసుకోండి. చెల్లించేవారు పన్ను మూలంలోనే కోసుకుంటే, రిటర్ను వేసి మీకు రావలసింది తిరిగి పొందవచ్చు.

మీ స్వరంపై మీ హక్కు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వన్‌రాజ్ భాటియా పేరు వినండి. లండనులో సంగీతం చదువుకుని వచ్చి, ఎన్నో ప్రకటనలకు బాణీలు కట్టి, దూరదర్శన్‌లో 'భారత్ ఏక్ ఖోజ్', 'తమస్' వంటి గొప్ప రచనలకు సంగీతం సమకూర్చారు. 'తమస్'కు జాతీయ పురస్కారం అందుకున్నారు. అంతటి స్వరకర్త చివరి సంవత్సరాల్లో ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నారని 2019లో పత్రికలు రాశాయి. ఆయన 2021లో మరణించారు. ఒక మనిషి కష్టానికి ఒకే కారణం చెప్పడం సరికాదు. కానీ ఆయన తరం స్వరకర్తలు పనిచేసిన కాలంలో చట్టం వారికి ఎంత తక్కువ ఆసరా ఇచ్చిందో మనం తెలుసుకోవాలి.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసి పంచడానికి ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, అంటే ఐ.పి.ఆర్.ఎస్., 1969లో ఏర్పడింది. అయితే 1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం చేయించుకున్న సంగీతానికి, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే మొదటి యజమాని అవుతాడని చెప్పింది. ఒకసారి రుసుము తీసుకున్నాక ఆ బాణీ పదేళ్లు మోగినా స్వరకర్తకు దక్కేది ఉండేది కాదు.

2012లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభ సభ్యుడిగా దీని కోసం గట్టిగా వాదించారు. ఆ ఏడాది జూన్ 21 నుంచి సవరణ అమలులోకి వచ్చింది. ఈ సవరణ ప్రకారం, దృశ్య రచనలో చేర్చిన సంగీతం సినిమా హాలులో ఆ చిత్రంతో పాటు వినిపించినప్పుడు తప్ప మరే విధంగా వాడినా, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా రావాలి. ఈ వాటాను స్వరకర్త వదులుకోవడానికి కూడా వీల్లేదు. వారసులకు గానీ, కాపీరైటు సొసైటీకి గానీ తప్ప ఇతరులకు రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. చట్టంలో 'సినిమా' అన్న మాటకు దృశ్యాన్ని నమోదు చేసిన ఏ రచన అయినా అన్న అర్థం ఉంది. కాబట్టి టీవీ సీరియల్ కూడా అందులోకి వస్తుంది.

చట్టంలోని మరికొన్ని సంగతులు నోటు పుస్తకంలో రాసుకోండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకు అని రాయకపోతే ఐదేళ్లకే అని భావిస్తారు. ఏ ప్రాంతానికి అని రాయకపోతే భారతదేశానికే అని భావిస్తారు. స్వరలిపి రాయకపోయినా, విని కట్టినా, మీరు స్వరకర్తే. మీ రచనపై హక్కు మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. 18 ఏళ్లు నిండనివారు స్వయంగా చేసుకునే ఒప్పందం చెల్లదు కాబట్టి, పాఠశాల విద్యార్థులు తల్లిదండ్రులను పక్కన పెట్టుకుని ముందుకు వెళ్లాలి.

హక్కు చట్టంలో ఉన్నంత మాత్రాన డబ్బు ఇంటికి నడిచిరాదు. దానికి రెండు పనులు చేయాలి. ఐ.పి.ఆర్.ఎస్. సభ్యత్వం తీసుకుని మీ రచనలను నమోదు చేయించాలి. 'క్యూ షీటు' తయారయ్యేలా చూడాలి. ఏ ఎపిసోడులో ఏ బిట్ ఎన్ని సెకన్లు వచ్చింది, స్వరకర్త ఎవరు అన్న పట్టికే క్యూ షీటు. పట్టికలో మీ పేరు లేకపోతే ప్రసారంలో మీ సంగీతం ఎవరిదో ఎవరికీ తెలియదు. ఈ పట్టికను నిర్మాణ సంస్థే చేస్తుందని వదిలేయకుండా మీరే ఒక నకలు తయారుచేసి ఇవ్వండి.

ఇతరుల హక్కు

మీ హక్కుకు మరో వైపు ఇతరుల హక్కు ఉంది. రాగం ఎవరి సొత్తూ కాదు. కల్యాణి, మోహన, హిందోళం అందరివీ. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, ఆయన కృతులకు కాపీరైటు లేదు, మీరు వాయించుకోవచ్చు. కానీ ఎవరో పాడిన ఆ కృతి రికార్డును తీసి మీ బిట్‌లో వాడకూడదు. రికార్డుకు వేరే హక్కు ఉంటుంది.

అన్నమాచార్య సంకీర్తనల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సాహిత్యం ఐదు వందల ఏళ్ల నాటిది. కానీ ఈ రోజు మనం వింటున్న అనేక బాణీలు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి మహానుభావులు కట్టినవి. రాళ్లపల్లి వారు 1979లో మరణించారు. ఆయన కట్టిన బాణీలకు రక్షణ కాలం 2039 చివరి దాకా ఉంటుంది. పాతదని అనుకుని వాడుకునే ముందు బాణీ ఎవరిదో కనుక్కోండి.

ఇక కృత్రిమ మేధ. నాలుగు మాటలు రాస్తే నిమిషంలో సంగీతం తయారుచేసే యంత్రాలు వచ్చాయి. 2024లో అమెరికాలో పెద్ద రికార్డు కంపెనీలు సునో, యూడియో అనే రెండు సంస్థల మీద, తమ పాటలను అనుమతి లేకుండా వాడుకున్నారని దావాలు వేశాయి. 2025లో కొన్ని కంపెనీలు ఒప్పందాలకు వచ్చాయి. అలాంటి సంగీతాన్ని మీదని చెప్పి అమ్మితే మీ సంతకానికే ప్రమాదం. అదీగాక మామూలు 'విషాద సంగీతం' ఒక నిమిషం కావాలంటే యంత్రం ఇస్తుంది. పదహారో సెకనులో ఉత్తరం జారడం, అక్కడ ఒక్క దెబ్బ చాలునని దర్శకుడితో కూర్చుని నిర్ణయించడం, గోదావరి ఒడ్డున పెళ్లిలో సన్నాయి ఎలా మోగుతుందో, తెలంగాణ పల్లెలో డప్పు ఎలా మోగుతుందో విన్న చెవి, ఇవి మీ దగ్గర ఉంటాయి. మీకు ముందు ముందు పని తెచ్చిపెట్టేవి ఇవే.

ఎలా మొదలుపెట్టాలి?

చదువు మానకండి. ఈ పనిలో మొదటి రెండు మూడేళ్లు ఆదాయం నిలకడగా ఉండదు. డిగ్రీ, చిన్న ఉద్యోగం, సంగీతం పాఠాలు చెప్పడం, ఏదో ఒక ఆధారం పక్కన ఉంటే, ఆకలి తొందరలో చెడ్డ ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన అవసరం రాదు. 'మా కోర్సులో చేరితే నెలకు ఇంత సంపాదన ఖాయం' అనేవారికి, పని ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవారికి దూరంగా ఉండండి. పని ఇచ్చేవారు డబ్బు ఇస్తారు, తీసుకోరు.

ఆరు నెలల్లో పది బిట్లు తయారుచేయండి. ఒక్కొక్కటి నిమిషం మించకూడదు. పదీ పది రకాల భావాలు. మీ కాలేజీలో లఘుచిత్రాలు తీసే మిత్రులు ఉంటే వారికి సంగీతం చేసిపెట్టండి. ఉచితంగా చేసినా, ఎవరిది ఏ హక్కు అన్నది అర పేజీ కాగితం మీద రాసుకోండి. స్నేహానికి అది అవమానం కాదు, రక్షణ. తర్వాత మీ ఊళ్లోని ప్రకటనల సంస్థలకు, ఎడిటింగ్ స్టూడియోలకు, డాక్యుమెంటరీ తీసేవారికి రెండు నిమిషాల నమూనా పంపండి. పని దొరికే దారి చాలాసార్లు ఎడిటరు ద్వారానే. ఆయన పని సులువు చేసినవారిని ఆయన మరిచిపోరు.

విద్యార్థులారా, ముగించే ముందు మీకు రెండు అభ్యాసాలు. మొదటిది, 45 సెకన్ల దృశ్యానికి మిశ్రచాపులో 9 ఆవర్తనాలు సరిపోవాలంటే వేగం ఎంత ఉండాలో లెక్క కట్టండి. రెండోది, రేపు మీరు చూసే సీరియల్ చివర వచ్చే పేర్లలో నేపథ్య సంగీతం ఎవరిదో వెతకండి. కొన్నిసార్లు ఆ పేరు చదివేలోపే మాయమవుతుంది. రేపు ఆ చోట మీ పేరు ఉన్నప్పుడు, అది తెర మీద ఒక్క క్షణమే కనిపించినా, ఒప్పంద పత్రంలో, క్యూ షీటులో స్పష్టంగా, శాశ్వతంగా ఉండేలా చూసుకోండి. సాధన, లెక్క, సంతకం. ఈ మూడింటిలో దేన్నీ తక్కువ చేయకండి.